పెట్టె మీద ఎర్ర చుక్క

మిషను సోమవారం వచ్చింది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక విప్పుదామని నానమ్మ అంది. అంతవరకూ ఆగడం తప్పని మాలో ఎవరూ అనలేదు. నాకు తోచింది గానీ నేను పైకి అనలేదు.

తెనాలిలో మాది తరిమెన పని. చెక్కను మిషనుకి బిగించి తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా మలుస్తాం. మంచం కోళ్లు, ఉయ్యాల కమ్ములు, కవ్వాలు, అప్పడాల కర్రలు. మా నాన్న బాజీ ముప్పై ఏళ్లు ఆ పని చేశాడు. రెండేళ్ల కిందట పాత మిషను బెల్టులో చొక్కా చెయ్యి చుట్టుకుని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ పట్టు తిరిగి రాలేదు. ఇప్పటికీ ఉలి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మా నానమ్మ జానీ బీ ఆ పాత మిషన్ని ఇంట్లో ఉండనివ్వలేదు. ఆసుపత్రి నుంచి నాన్న వచ్చేలోపే పాత ఇనుము కొనేవాళ్లని పిలిచి ఇచ్చేసింది.

చిన్నప్పటి నుంచీ నాన్న వెనక నిలబడి చూస్తూ నేను ఆ పని నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. బడి లేని రోజుల్లో మిగిలిన ముక్కలతో బొంగరాలు తిప్పేదాన్ని. అందుకే కొత్త మిషను నా కోసం తెప్పించాలని నాన్న అనుకున్నాడు. దీనికి బెల్టు బయటికి కనిపించదు, మూత ఉంటుంది. ఎర్ర బటను ఒక్కసారి నొక్కితే ఆగిపోతుంది. ఆ రెండు సంగతులూ విన్నాకే నానమ్మ ఒప్పుకుంది.

మిషను ఇంకా దారిలో ఉండగానే మొదటి బేరం వచ్చింది. చేబ్రోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఉన్న ఒక్క ఏడు అక్కడి బడిలో నాకు నాలుగో తరగతి చెప్పిన మాణిక్యాంబ టీచరు గారు బాపట్ల నుంచి ఫోను చేశారు. ఆవిడ కూతురు హర్షిణికి శనివారం ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకి పుట్టిన పిల్ల. పుట్టకముందే ఉయ్యాల చేయించడం వాళ్లింట్లో లేదు, అందుకే పుట్టిన మర్నాడు ఫోను చేశారు. ఇరవై ఒకటో రోజున బారసాల. ఆ రోజుకి టేకు ఉయ్యాల కావాలన్నారు.

"మీ నాన్న తిప్పిన కవ్వం నా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంది. ఉయ్యాల మాత్రం నీ చేత్తో చెయ్యి నాజ్నీన్. నువ్విచ్చిన బొంగరం ఇంకా ఉంది నా దగ్గర" అన్నారు.

నా పేరుతో వచ్చిన మొదటి పని అది. ఇరవై ఒకటో రోజు శుక్రవారం అయింది. క్యాలెండరులో ఆ గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను.

సోమవారం లారీ ఆఫీసు నుంచి ఫోను వస్తే నాన్నా నేనూ వెళ్లాం. నా నడుమెత్తు చెక్కపెట్టె. దాని పక్క మీద అరచేయంత స్టిక్కరు, నడుమ కుంకుమ బొట్టంత ఎర్ర చుక్క. ఆఫీసులో గుమాస్తా దాన్ని చూసి సంతోషపడిపోయాడు.

"చూశారా సాయిబు గారూ, కంపెనీవాళ్లు బొట్టు పెట్టి మరీ పంపారు. ఇక మీకు తిరుగు లేదు."

ఆటో తెచ్చినతనూ అవునన్నాడు. నన్ను పెట్టె పక్కన నిలబెట్టి అతనే నాన్న ఫోనుతో ఫొటో తీశాడు. ఆ పక్కనే నాన్న రసీదు మీద సంతకం పెడుతున్నాడు. చుక్క కింద సన్నని ఇంగ్లీషు అక్షరాలు ఏవో ఉన్నాయి. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుంటేనే వస్తుంది. మొదటి మాట ఎరుపు అని అర్థమైంది. అంతమంది మగవాళ్ల మధ్య వంగి చదవడానికి మొహమాటం వేసి తల తిప్పుకున్నాను.

ఇంటికి తెచ్చాక నానమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి ఆ చుక్కని వేలితో తాకింది. వాళ్ల పద్ధతిలో వాళ్లు బొట్టు పెట్టారు, మన పద్ధతిలో మనం శుక్రవారం ఫాతెహా ప్రార్థన చదివించి విప్పుదాం అంది. మా ఇంట్లో కొత్త పనిముట్టు ఏది వచ్చినా అంతే. ఉలి కొన్నా, రంపం కొన్నా శుక్రవారం దాకా ఆగుతుంది. గోధుమరొట్టె నలిపి బెల్లం కలిపి మలీదా చేసి, పనిముట్టు ముందు పెట్టి చదివించాకే చెయ్యి వేస్తాం. పెట్టె మీద నానమ్మ మల్లెపూల దండ పెట్టింది.

మంగళవారం సాయంత్రం వసారా ఊడుస్తూ పెట్టె దగ్గర కూర్చుని ఆ అక్షరాలు మొత్తం చదివాను. అర్థం కాని మాటలకి ఫోనులో అర్థం చూశాను. చుక్క తెల్లగా ఉంటే పెట్టె క్షేమంగా వచ్చినట్టు. ఎర్రగా మారితే దారిలో గట్టి దెబ్బ తగిలినట్టు. తీసుకునేటప్పుడే రసీదు మీద రాయించి, వెంటనే విప్పి చూసుకోవాలి.

చీపురు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. లోపల నానమ్మ మలీదాకి గోధుమలు ఏరుతోంది. కొత్త వస్తువు ముందు అపశకునం మాట ఎలా అనడం అనిపించింది. లోపల ఏమీ కాలేదేమో, దేవుడి దయవల్ల బాగానే ఉందేమో అనుకున్నాను. మూడు రోజులే కదా అనుకున్నాను. లేచి మిగతా వసారా ఊడ్చాను.

శుక్రవారం చదివింపు అయింది. నాన్న మేకులు ఊడదీశాడు, నేను అట్టలూ గడ్డీ తీశాను. మిషను పచ్చరంగులో మెరుస్తోంది. మోటారు బాగుంది, పట్టాలు బాగున్నాయి. నాన్న వంగి వెనక దిమ్మ మీద చెయ్యి వేశాడు. తిరిగే చెక్క రెండో కొసను పట్టుకుని ఉండే పోత ఇనుప దిమ్మ అది. అది లేకపోతే పొడుగు చెక్క ఏదీ నిలవదు. ఒక పాదం దగ్గర మొదలై సగం ఎత్తు దాకా పగులు పాకి ఉంది. పాదం మూల ముక్కగా విరిగి గడ్డిలో పడింది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

నాన్న ఆ ముక్కని తీసి జేబులో వేసుకున్నాడు. నానమ్మ మాత్రం, అంత దెబ్బ తగిలినా మిగతాదంతా బాగుందంటే ఆ బొట్టు ఉండబట్టేనంది.

శనివారం కంపెనీకి ఫోను చేసి ఫొటోలు పంపాను. సోమవారం జీవన్ కుమార్ అనే అతను తిరిగి చేశాడు. గొంతు వింటే నా వయసువాడే అనిపించింది. అందుకున్న రెండు రోజుల్లోపు చెప్పి ఉంటే మొత్తం దిమ్మ మార్చేవాళ్లమని, ఇప్పుడు కుదరదని చెప్పాడు. కొనుక్కుందామన్నా కొత్త దిమ్మ రావడానికి అయిదు వారాలు పడుతుందన్నాడు. నేను సరేనండి అన్నాను. అతను వెంటనే ఫోను పెట్టెయ్యలేదు.

"అక్కా, ఇది కంపెనీ మాట కాదు, నా మాట. పోత ఇనుముకి మామూలు కరెంటు వెల్డింగు చేయించకండి, పక్కనే మళ్లీ పగులుతుంది. ఇత్తడితో అతికేవాళ్లు పాతవాళ్లు ఎవరైనా ఉంటారు, వాళ్ల కోసం వెతకండి."

అంతవరకూ చెప్పాల్సిన పని అతనికి లేదు. ఆ మాట చెప్పకపోతే మర్నాడే మా వీధి చివర వెల్డింగు షాపుకి పట్టుకెళ్లేవాళ్లం.

ఊళ్లో నాలుగు చోట్ల అడిగాం. ఇత్తడి పని చేసేవాళ్లు ఇప్పుడు లేరన్నారు. అప్పటికి పిల్ల పుట్టి పది రోజులు. ఆ సాయంత్రం నాన్న నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు. చేబ్రోలులో తనకి తెలిసినవాళ్ల దగ్గర తరిమెన ఉంది. కమ్ములు వాళ్లచేత తిప్పించి, బిగింపూ నునుపూ మనం చేసి ఇచ్చేద్దాం. టీచరు గారికి తేడా తెలియదు.

నిజమే, తెలియదు. రాత్రి పడుకుని కూడా దాని గురించే ఆలోచించాను. పొద్దున్నే లేచి, బాపట్ల వెళ్లి టీచరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తానని నాన్నతో అన్నాను. నాన్న తల ఊపి, టిఫిన్ తిని వెళ్లమన్నాడు.

బాపట్లలో టీచరు గారి ఇంటికి చేరేసరికి పదకొండయింది. లోపల గదిలో హర్షిణి గారు పిల్లకి పాలిస్తున్నారు. హాల్లో పై దూలానికి ఉయ్యాల గొలుసులు అప్పుడే తగిలించి ఉన్నాయి. వాటిని చూడగానే వచ్చేటప్పుడు దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. పెట్టె వచ్చిన దగ్గర నుంచీ మొత్తం చెప్పాను. ఎర్ర చుక్క చదివి కూడా ఊరుకున్నానని చెప్పాను. ఆ సంగతి అప్పటికి ఇంకెవరికీ చెప్పలేదు.

టీచరు గారు, బడిలో కూడా నాకు జవాబు తెలిసినప్పుడు చెయ్యి ఎత్తేదాన్ని కాదని గుర్తు చేశారు. తిట్టినట్టు అనలేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఇంకొకళ్లు తిప్పిన కమ్ములు నాకొద్దు. వచ్చే బుధవారం దాకా చూస్తాను. రాకపోతే గురువారం బజారుకి వెళ్లి ఇనప ఉయ్యాల తెచ్చుకుంటాను. నీ మీద కోపం పెట్టుకోను. సరేనా?"

సరేనని మనసులో రోజులు లెక్కపెట్టుకున్నాను. వచ్చే బుధవారానికి ఎనిమిది రోజులు.

అంతవరకూ పేపరు చదువుకుంటున్న దక్షిణామూర్తి మాస్టారు, అంటే టీచరు గారి భర్త, కళ్లజోడు తీసి ఏది పగిలిందని మళ్లీ అడిగారు. ఫోనులో ఫొటో చూపించాను. ఆయన రేపల్లెలో పద్నాలుగేళ్లు సైన్సు చెప్పారు. ఒక ఏడు బడిలో బోరింగు తల రెండు ముక్కలైతే, పడవ ఇంజన్లు బాగుచేసే రంగనాయకులు అనే ఆయన ఇత్తడితో అతికాడట. తను బదిలీ అయ్యేదాకా పిల్లలు దాని నీళ్లే తాగారన్నారు. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు, ఫోను నెంబరు లేదు. ఒక పాత శుభలేఖ వెనక రేపల్లె స్టేషను నుంచి దారి గీసి ఇచ్చారు. చింతచెట్టు, రైసుమిల్లు, కాలవ మీద వంతెన, అన్నీ పేర్లు రాసి మరీ గీశారు.

బుధవారం పొద్దున్న నాన్నా నేనూ దిమ్మని గోనెసంచిలో చుట్టి రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. సంచి చెరో కొసా పట్టుకున్నాం. నాన్న ఎడమచేత్తో పట్టుకున్నాడు. వేమూరు దాటాక చెప్పాను.

"నాన్నా, ఆ ఎర్ర చుక్క బొట్టు కాదు. దెబ్బ తగిలితే ఎర్రబడే గుర్తంట. నేను మంగళవారమే చదివాను."

నాన్న కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. బయట చేలల్లో కోత మిషను తిరుగుతోంది.

"చుక్క సంగతి నాకు తెలీదు. పెట్టె కింద మూల నలిగుంది. సంతకం పెట్టేటప్పుడే చూశాను."

"మరి చెప్పలేదేంటి?"

"నువ్వు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటున్నావు. అప్పుడేం చెప్పను?"

 భట్టిప్రోలులో జామకాయలు వస్తే నాన్న రెండు కొని, పెద్దది నాకిచ్చాడు.

మాస్టారు గీసిన దారిలో చింతచెట్టు లేదు, మిగతావన్నీ ఉన్నాయి. కాలవ పక్కన రేకుల షెడ్డు. బయట పడవ ఇంజన్లు వరసగా పెట్టి ఉన్నాయి. రంగనాయకులు గారికి డెబ్భై దాటి ఉంటాయి. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టుకున్నాడు. మేం చెప్పేది వినకుండానే సంచి విప్పి దిమ్మని నేల మీద నిలబెట్టి, చిన్న సుత్తితో తట్టాడు. పగిలిన కుండ తట్టినట్టు చచ్చు చప్పుడు వచ్చింది. కొత్త సరుకు ఇలా ఎందుకు తీసుకున్నారని అడిగాడు. నాన్న బొట్టు సంగతి చెప్పాడు.

"బొట్టు అనుకున్నారా?" ఆయన పగులు మీద బొటనవేలు రాసి చూశాడు. "నయం. ఈ పగులు చూసి, కొబ్బరికాయ కూడా దీని మీదే కొట్టారేమో అనుకున్నా."

నాన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. తన సంగతి ఎవరు చెప్పారని ఆయన అడిగితే దక్షిణామూర్తి మాస్టారి పేరు చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది.

"బోరింగు మాస్టారా? ఎక్కడున్నాడు?"

"బాపట్లలో ఉన్నారండి. మనవరాలు పుట్టింది. ఆ పాప ఉయ్యాలకే ఇదంతా. వచ్చే శుక్రవారం బారసాల."

"ముందే ఆ మాట చెప్పొద్దా అమ్మాయ్?" అని అప్పటిదాకా చేస్తున్న ఇంజను పని పక్కన పెట్టేశాడు.

ఆ పని నేను మొదటినుంచీ చివరిదాకా చూశాను. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న బెజ్జం వేశాడు, ఇంక ముందుకు పాకకుండా. పగులు పొడుగునా రాయితో అరగదీసి గాడి చేశాడు. నాన్న జేబులోంచి ముక్క తీసి ఇస్తే దాన్ని దాని చోట ఆనించాడు. ఇటుకలు పేర్చి బొగ్గులు పోసి, దిమ్మ మొత్తం మందారపువ్వు రంగు వచ్చేదాకా కాల్చాడు. అప్పుడు గ్యాసు మంట పట్టుకుని, ఇత్తడి కడ్డీ కొసని వెలిగారం పొడిలో అద్ది, గాడిలోకి కరిగించాడు. ఇత్తడి నీళ్లలా పారి పగుల్లోకి దిగింది. ఆయన చెయ్యి వణకలేదు. ఆ చేతినే చూస్తున్న నాన్న తన కుడిచేతిని తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

ఈలోపు ఆయన భార్య కొండమ్మ గారు షెడ్డు వెనక గోతిలో రైసుమిల్లు ఊక బూడిద వేడిచేసి ఉంచింది. ఇద్దరూ కలిసి దిమ్మని పట్టుకార్లతో ఎత్తి ఆ బూడిదలో పూడ్చి పైన గోనెలు కప్పారు. గంటసేపు చల్లారితే సాయంత్రం బండికి తీసుకెళ్లిపోతామని నాన్న మొహమాటంగా అన్నాడు. కొండమ్మ గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పాలు తోడేసి గంటగంటకీ గిన్నె కదిపి చూస్తావా నాయనా? ఇదీ అంతే. గాలి తగిలిందంటే మళ్లీ పగులుద్ది. రేపు మధ్యాహ్నం దాకా దాని జోలికెళ్లకు."

ఆగకూడనిచోట నాలుగు రోజులు ఆగాం. ఇప్పుడు ఒక్కరోజు ఆగడానికి ప్రాణం ఉసూరుమంది. ఉత్త చేతులతో తెనాలి తిరిగి వచ్చాం.

గురువారం మేం వెళ్లేసరికి గోనెలు అలాగే ఉన్నాయి. రంగనాయకులు గారు బూడిద తొలగించి, దిమ్మ మీద చెయ్యి ఆనించి చూసి, బయటికి తీసి తుడిచాడు. పగులు ఉన్నచోట పసుపుదారంలా ఇత్తడి గీత. సుత్తి నా చేతికి ఇచ్చాడు. తట్టాను. గుడిగంట చిన్నది కొట్టినట్టు ఖంగుమంది. కొండమ్మ గారు లోపల్నుంచి అది విని, "పలికింది" అంది.

ఏమివ్వాలని నాన్న అడిగాడు. ఆయన బల్ల మీద పడి ఉన్న, ఇనుము రాకే ఆకురాళ్లు చూపించాడు. ఒక్కదానికీ పిడి లేదు. కొన్నిటికి గుడ్డ చుట్టి ఉంది, కొన్నిటికి అదీ లేదు.

"వీటికి పిడులు తిప్పే చెయ్యి రేపల్లెలో లేదు. ఒక అరడజను చేసివ్వండి. ముందు ఉయ్యాల, తర్వాతే నా పని."

శుక్రవారం దిమ్మని మిషనుకి బిగించాం. చెక్కని రెండు కొసలా పట్టుకునే ముందు మొన, వెనక మొన రెండూ ఎదురెదురుగా ఆనించి చూడాలి. నాన్న వాటి మధ్య ఎడమచేతి బొటనవేలి గోరు పెట్టి కళ్లు మూసుకున్నాడు. వెనక మొన గోరు మందం కిందికి ఉందన్నాడు. నాకు కంటికి కనిపించలేదు. పాత పౌడరు డబ్బా రేకు కత్తిరించి దిమ్మ పాదాల కింద పెట్టాను. ఒక మడత చాలలేదు. రెండు మడతలు ఎక్కువైంది. రేకుని సుత్తితో సాగగొట్టి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, అలా మధ్యాహ్నం అయింది. చివరికి నాన్న గోరు తీసి, కానివ్వు అన్నాడు.

మొదట తుమ్మచెక్క ముక్క బిగించాను. బటను నొక్కగానే నానమ్మ వసారాలోంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఉలి ఆనించాను. చెక్కపొట్టు రిబ్బన్లా చుట్టలు తిరుగుతూ నా చేతి మీదుగా జారింది. దిమ్మ కదల్లేదు. ఒక పిడి అయ్యాక నానమ్మ వెళ్లి మళ్లీ కూర్చుంది.

ఆ తర్వాత టేకు. పక్కలకి ఇరవై నాలుగు కమ్ములు, మూలలకి నాలుగు కోళ్లు. శనివారం నుంచీ రోజూ పొద్దున్నే మొదలుపెట్టి వెలుగు ఉన్నంతసేపూ తిప్పాను. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కో కమ్ము అయ్యాక ఎడమచేత్తో తడిమి చూసేవాడు. బాగుంటే కుడి పక్కన పెట్టేవాడు. బాగాలేకపోతే తిరిగి నా ముందు పెట్టేవాడు. అలా అయిదు నా ముందుకి వచ్చాయి. మంగళవారానికి బిగింపు, బుధవారం నునుపూ నూనె పూతా అయ్యాయి. ఆ సాయంత్రం విడదీసి గోనెల్లో చుట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుని బాపట్ల చేరాం. మా కోసం టీచరు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.  "మాస్టారూ, రేపు బజారుకి వెళ్లక్కర్లేదు" అని లోపలికి కేకేశారు.

శుక్రవారం బారసాలకి నన్ను రమ్మన్నారు. ఆడవాళ్ల వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాళ్లింటి ఆనవాయితీ ఒకటి నాకు తెలియదు. పిల్లని వెయ్యబోయే ముందు ఉయ్యాలలో సన్నెకల్లు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపుతారట. ఇద్దరు పట్టుకొచ్చి నల్లటి పొత్రాన్ని పరుపు మీద దించుతుంటే నేను కమ్ముల వైపే చూశాను. గొలుసులు బిగుసుకున్నాయి. ఒక కమ్ము దగ్గర సన్నగా కిర్రుమంది. మూడుసార్లు ఊపారు. కమ్ములన్నీ వాటి గూళ్లలో ఉన్నాయి. పొత్రం తీసి, పిల్లని ఉయ్యాల కిందుగా అటూ ఇటూ అందించుకుని, అదే చోట పడుకోబెట్టారు. పిల్ల కళ్లు తెరవలేదు. చిటికెనవేలంత చెయ్యి చాచి కమ్ముకి ఆనించింది.

"ఇది చేసిన అమ్మాయి అదుగో, గోడ దగ్గరుంది. నా దగ్గర నాలుగో క్లాసు చదివింది" అని టీచరు గారు అందరికీ చెప్పారు. అందరూ ఇటు తిరిగారు. ఈసారి తల తిప్పుకోలేదు. హర్షిణి గారు నన్ను పిలిచి ఉయ్యాల గొలుసు నా చేతికిచ్చారు. నేను నెమ్మదిగా ఒకసారి ఊపాను.

తర్వాతి శుక్రవారం మా ఇంట్లో మళ్లీ మలీదా చేశారు. ఈసారి ఎవరెవరి పేరు మీద చదివించాలని నానమ్మ అడిగింది. నాన్న వరసగా చెప్పాడు. రంగనాయకులు గారు, కొండమ్మ గారు, దక్షిణామూర్తి మాస్టారు, టీచరు గారు, పిల్ల. నేను జీవన్ కుమార్ పేరు కలిపాను. ఆ పిల్లాడు ఎవరని నానమ్మ అడిగితే, ఫోనులో నన్ను అక్కా అన్నాడని చెప్పాను. సరే, వాడికీ బరకత్ ఇవ్వమని అల్లాని అడుగుదాం అంది. తర్వాత కాస్త ఆలోచించింది.

"ఆ బొట్టు పెట్టినవాళ్లకి కూడా."

నాన్న నా వైపు చూశాడు. నేను మలీదా గిన్నె వైపు చూశాను. నానమ్మ ఆ స్టిక్కరుని పెట్టె మీంచి జాగ్రత్తగా ఊడదీసి, మిషను ముందు పక్కన, ఎర్ర బటను పైన అంటించింది. ఉదయం మిషను తుడిచేటప్పుడు ఆ చుక్కని కూడా తుడుస్తుంది. అదేంటో ఇప్పటికీ మేమిద్దరం ఆమెకి చెప్పలేదు.

ఆ చదివింపు మర్నాడు రేపల్లె ప్యాసింజరులో నా ఒళ్లో మలీదా డబ్బా ఉంది, కాళ్ల దగ్గర సంచిలో పిడులు ఉన్నాయి. అరడజను అడిగారు గానీ డజను చేశాను. అన్నిటికంటే బాగా కుదిరినదాన్ని కొండమ్మ గారి చేతికి ఇద్దామని విడిగా కాగితంలో చుట్టి పెట్టాను. ఆవిడ బూడిద కుళ్లగించే ఇనపచువ్వకి పిడి లేదు, ఆ రోజు చూశాను.